పొగ లోపలికి పోతే ఏమవుతుంది?

చెత్త తగలబెట్టినచోట పొగ కమ్మితే మనం కళ్ళు నులుముకుంటూ, దగ్గుతూ దూరంగా పరిగెత్తుతాం. మరి కొందరు డబ్బిచ్చి కొని, పొగను పనిగట్టుకుని పీలుస్తారు! అది లోపలికి పోయి ఏం చేస్తుందో చూద్దాం.

మన ఊపిరితిత్తులు తలకిందులైన చెట్టులాగా ఉంటాయి. గాలిగొట్టం రెండుగా చీలి, ఆ కొమ్మలు మళ్ళీ మళ్ళీ చీలి, చిట్టచివర చిన్న గాలితిత్తులు ఉంటాయి. ఇవి సుమారు 30 కోట్లని అంచనా. వీటి పల్చని గోడల గుండానే ప్రాణవాయువు రక్తంలో చేరుతుంది.

గాలిగొట్టాల లోపలి గోడల మీద కంటికి కనబడని నూగు ఉన్నది. ఈ నూగు చీపురులాగా రాత్రింబవళ్ళు ఊగుతూ, దుమ్మునూ క్రిములనూ జిగురుతోపాటు గొంతులోకి నెట్టివేస్తుంది. పొగ తగిలితే ఈ చీపురు మొద్దుబారుతుంది. అందుకే పొగ తాగేవారు చాలామంది తెల్లవారగానే దగ్గుతారు. నూగు చేయలేని పనిని దగ్గు చేస్తున్నదన్నమాట!

దమ్ము లాగినప్పుడు సిగరెట్టు కొన దగ్గర వేడి సుమారు 900 డిగ్రీలు. ఆ పొగలో 7,000కు పైగా పదార్థాలున్నవి; వాటిలో 70 దాకా కాన్సరు కలిగించేవి. కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటు ఆక్రమిస్తుంది. ఏళ్ళ తరబడి తాగితే గాలితిత్తుల గోడలు చిరుగుతాయి. అప్పుడు నాలుగు మెట్లెక్కినా ఆయాసమే. చిరిగిన గోడలు మళ్ళీ అతుక్కోవు.

1950లో ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు ఆసుపత్రులలో రోగులను ప్రశ్నించి, ఊపిరితిత్తుల కాన్సరుకూ సిగరెట్టుకూ గల సంబంధాన్ని బయటపెట్టారు. ఆ పరిశోధన ఫలితం చూసి డాల్ తానే సిగరెట్లు మానివేశాడు! 1951 నుంచి వేలాది డాక్టర్ల అలవాట్లను 50 ఏళ్ళపాటు గమనించగా, సిగరెట్టు మాననివారు తాగనివారికంటె సుమారు 10 ఏళ్ళు ముందుగా చనిపోతున్నట్టు తేలింది.

ఇప్పుడు పొగాకును మండించకుండా, విద్యుత్తుతో కాచే పరికరాలు వచ్చాయి. మంట లేదు, బూడిద లేదు. ఇక భయమేమిటి అని కొందరంటారు. విషాలు కొన్ని తగ్గిన మాట నిజమే. కాని తగ్గటం వేరు, లేకపోవటం వేరు. మనిషిని కట్టిపడవేసే నికొటిన్ అందులోనూ ఉన్నది. పైగా, డాక్టర్లను గమనించినట్టు వీటిని 50 ఏళ్ళు గమనించినవారు ఇంకా లేరు. మన దేశంలో 2019లోనే వీటి అమ్మకాన్ని నిషేధించారు.

ఇంట్లో పెద్దలు తాగే పొగ పిల్లల ఊపిరితిత్తులలోకి కూడా పోతుంది. ఉబ్బసాన్ని ఎక్కువ చేస్తుంది. అయితే ఒక శుభవార్త ఉన్నది. సిగరెట్టు మానితే నూగు మళ్ళీ ఊడవసాగుతుంది. 10 ఏళ్ళు గడిస్తే ఊపిరితిత్తుల కాన్సరు ప్రమాదం, తాగుతూనే ఉన్నవారితో పోల్చితే, దాదాపు సగానికి తగ్గుతుంది.

పిల్లలూ! మీ ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే, ఈ నూగు సంగతి వారికి చెప్పండి. మీరు మాత్రం ఆ చీపురును పాడుచేసుకోకండి!