మబ్బు పట్టినా పిట్ట చిక్కింది

దుబాయ్‌లో రాస్ అల్ ఖోర్ పేరు విననివాళ్లు మనవాళ్లలో తక్కువ. సైటు బస్సులో పోతూ వస్తూ ఆ పక్కగా ఎన్నిసార్లు దాటి ఉంటామో లెక్కే లేదు. లోపలికి వెళ్లి చూసినవాళ్లు మాత్రం కొద్దిమందే. క్రీక్ చివర ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైగా ఉన్న తడినేల అది. 2007లో రాంసర్ జాబితాలోకి ఎక్కింది. చలికాలం వస్తే ఫ్లెమింగోలు వందల్లో దిగుతాయి, వెనకాల బుర్జ్ ఖలీఫా నిలబడి ఉంటుంది. చూడటానికి డబ్బులు కట్టక్కర్లేదు. మన జీతాలకు ఇంతకంటే ఏం కావాలి!

నాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని పులికాట్ గట్టుకు తీసుకుపోయేవాడు. నీళ్లకవతల గులాబీ రంగు గీత ఒకటి కనపడేది. 'అవే పక్షులు' అనేవాడు. దగ్గరగా ఏనాడూ చూడలేదు. ఇక్కడికొచ్చాక అదే జాతి పక్షి యాభై అడుగుల్లో కనపడేసరికి నోట మాట రాలేదు. ఫోన్లో తీసి ఇంటికి పంపితే మా పాప, 'నాన్నా, ఇవి చుక్కల్లా ఉన్నాయి. ఎగిరేది పంపు' అంది. అక్కడ పట్టుకుంది నాకు పిచ్చి.

ఆరు నెలలు చిట్టీ కట్టి, పాత నికాన్ డీ7200 ఒకటి, టామ్రాన్ 150-600 లెన్సు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంటావిడ ఫోన్లో, 'ఆ డబ్బుతో పాపకు గొలుసు వచ్చేదండీ' అని ఒక్కమాటే అని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఎక్కువ గుచ్చుకుంది. రూంలో జగిత్యాల తమ్ముడు లెన్సు చూసి, 'గీ గొట్టానికి గన్ని పైసలు వెట్టినవా అన్నా?' అని నవ్వాడు.

మొదటి చలికాలం మొత్తం వృథా. అపర్చర్ ప్రయారిటీలో పెట్టి, ఐఎస్ఓ 400 దగ్గర ఉంచి తీసేవాణ్ణి. ఎండలో బాగానే వచ్చేవి. ఒకరోజు సాయంత్రం ఆస్ప్రే, అదే చేపల గద్ద, కాళ్లలో చేప పట్టుకుని నేరుగా నా ముందునుంచి పోయింది. పదిహేను ఫొటోలు నొక్కాను. రూంకొచ్చి చూస్తే పదిహేనూ అలికేసినట్టున్నాయి. మబ్బు రాగానే కెమెరా షట్టర్‌ను 1/250కి దించేసింది. రెక్క కొట్టే పక్షికి ఆ వేగం చాలదు. ఆ తర్వాత కోపంతో అన్నీ నేనే చూసుకుంటానని పూర్తి మాన్యువల్‌కు పోయాను. 1/2000, ఎఫ్ 6.3, ఐఎస్ఓ 400. ఎండ ఉన్నంతసేపూ సరే. మబ్బు పడితే బొగ్గులాంటి ఫొటోలు. చేత్తో ఐఎస్ఓ మార్చేలోపు పక్షి షార్జా దాటిపోయేది!

రెండో చలికాలంలో హైడ్‌లో, అంటే పక్షులు బెదరకుండా కూర్చునే చెక్క గదిలో, ఒక మలయాళీ పెద్దాయన నా స్క్రీన్ చూసి, డయల్‌ను ఎం మీదే ఉంచమని, మెనూలో ఆటో ఐఎస్ఓ మాత్రం ఆన్ చేయమని చెప్పాడు. రెండు నిమిషాల పని.

విషయం మన సైటు భాషలో చెప్తాను. గోడ కట్టేటప్పుడు లైను, ప్లంబు సూపర్‌వైజర్ పట్టుకుంటాడు. ఇటుక హెచ్చుతగ్గులకు తగ్గట్టు మాలు మందం మేస్త్రీ సర్దుకుంటాడు. ఇక్కడ షట్టరు, అపర్చరు మన చేతిలో లైను, ప్లంబు. ఐఎస్ఓ మాలు లాంటిది, దాన్ని కెమెరా సర్దుతుంది. పక్షి ఎగిరితే 1/2000 కావాలి, లెన్సు 600 దగ్గర ఎఫ్ 6.3 కంటే తెరుచుకోదు, ఈ రెండూ కదలకూడదు. ఎండలో కెమెరా ఐఎస్ఓ 400 చుట్టుపక్కల ఎంచుకుంటుంది, మబ్బుకు 1600, పొద్దు వాలితే 3200 దాటుతుంది. కాస్త గింజలు పడతాయి. గింజలున్న ఫొటో చూడొచ్చు, అలికిన ఫొటోను ఏం చేసుకోను? మాలు మందానికి హద్దున్నట్టే దీనికీ గరిష్ఠం పెట్టాలి. నా పాత కెమెరాకు నేను 6400 పెట్టుకున్నాను. ఆ హద్దు తాకాక కెమెరా ఇక సాయం చేయలేదు, ఫొటో చీకటవుతుంది.

అయితే మేస్త్రీని పూర్తిగా నమ్మేసి టీ తాగడానికి పోకూడదు. కెమెరా మొత్తం ఫ్రేము చూసి లెక్కేస్తుంది, దానికి పక్షి మీద ప్రేమేం లేదు. నల్లటి మడచెట్ల ముందు తెల్లటి ఫ్లెమింగో ఉంటే చీకటనుకుని ఐఎస్ఓ పెంచేస్తుంది, రెక్కలు సున్నం కొట్టినట్టు తెల్లగా పోతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 లేదా 1కి దించాలి. తెల్లని ఆకాశం ముందు గద్దయితే ప్లస్ 1. నికాన్‌లో ఎం మోడ్‌లో కూడా ఆ బటన్ పనిచేస్తుంది. పాత కానన్ మోడళ్లు కొన్నిటిలో పనిచేయదు, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందే నొక్కి చూడండి.

ఎండ నిలకడగా ఉండి, గుంపు నీళ్లమీద నుంచి మడచెట్ల ముందుగా ఆకాశంలోకి లేస్తుంటే నేను ఆటో తీసేస్తాను. పక్షి మీద వెలుగు మారలేదు, వెనక మాత్రమే మారింది. అక్కడ ఐఎస్ఓ 400 దగ్గర నిలిపేయడమే నయం. ఈ తేడా తలకెక్కడానికి నాకు ఇంకో నెల పట్టింది.

ఇంకో పొరపాటు కూడా చేశాను. నిలబడ్డ కొంగకని షట్టర్ 1/250కి దించి, మర్చిపోయాను. ఎండెక్కింది, ఐఎస్ఓ 100 కంటే కిందికి పోలేదు, అన్నీ తెల్లగా పేలిపోయాయి. పైగా కొంగ ఎగిరింది, అదీ అలికింది. ఆటో ఉందని షట్టర్ చూసుకోవడం మానకూడదని అప్పుడు బుద్ధొచ్చింది.

పెద్ద లెన్సు పట్టుకుని తిరిగే తమ్ముళ్లకు ఒక మాట. ప్రభుత్వ భవనాలు, మిలటరీ చోట్లు, పోర్టుల వైపు దాన్ని తిప్పకండి. అడక్కుండా మనుషుల్ని, ముఖ్యంగా కుటుంబాల్ని తీయకండి. ఇక్కడ చట్టం గట్టిది, పక్షికోసం వచ్చానంటే వినరు.

మొన్న జనవరిలో ఒక ఆదివారం జగిత్యాల తమ్ముణ్ణి కూడా టాక్సీలో వెంటబెట్టుకుపోయాను. మధ్యాహ్నం దాకా ఎండ, మూడింటికి మబ్బు. గుంపులోంచి ఒక ఫ్లెమింగో నీళ్లమీద పరుగెత్తి లేచింది. నేను డయల్ ముట్టుకోలేదు, నొక్కుతూ పోయాను. స్క్రీన్ మీద చూస్తే కంటిలో మెరుపు, కాళ్ల నుంచి రాలే చుక్కలు కూడా విడివిడిగా ఉన్నాయి. ఐఎస్ఓ 1800. తమ్ముడు నా చేతిలోంచి కెమెరా గుంజుకుని, 'అన్నా, నాక్కూడ ఒక్కటి కొట్టనియ్యే' అన్నాడు.

పాపకు ఆ రాత్రే పంపాను. ప్రింటు తీయించి పులికాట్ గట్టు తెలిసిన వాళ్ల తాతకు చూపించిందట. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, 'కాళ్లు ఇంత పొడుగా!' అన్నాడట.