మాంచెస్టరు నగరము – నూలు వర్తకము

సీమగుడ్డ యనగానే మన పెద్దలకు మాంచెస్టరు పేరు తలపునకు వచ్చెడిది. ఆ నగరపు టౌన్నత్యము కేవలము యంత్రమహిమ యని ఆంగ్లేయులు వ్రాయుట కద్దు. యంత్రమహిమను మేము కాదనము. కాని యా యంత్రములు పుట్టకమునుపే, 1700, 1721 సంవత్సరముల శాసనములచే, వారు మన యద్దకపు గుడ్డలను తమ దేశమున నిషేధించిరి. మచిలీబందరు అద్దకములు సీమదొరసానుల కెంత ప్రియమైనవో యీ నిషేధమే సాక్ష్యము. అట్లు ఖాళీయైన విపణిలో లంకాషైరు కాలూనెను.

పిమ్మట నగరము పెరిగిన వేగ మాశ్చర్యకరము. 1801లో సుమారు 75 వేలున్న జనము 1851 నాటికి 3 లక్షలు దాటెను. 1830లో లివర్‌పూలు రేవునుండి రైలు వచ్చెను; 1894లో నోడలే నగరముదాక వచ్చునట్లు కాలువ త్రవ్విరి. మిల్లుల ప్రక్కనే పొగ, మురుగు, నేలమాళిగలలో క్రిక్కిరిసిన కూలికుటుంబములు! 1845లో ఎంగెల్సు తన గ్రంథమున వర్ణించినది వీరి బ్రతుకునే. అమెరికా అంతర్యుద్ధమువలన 1861–65 నడుమ ప్రత్తి రాకపోగా, లంకాషైరు కూలివారు గంజికేంద్రముల పాలైరి. ఒక్క సరకును నమ్మిన యూరి కది మొదటి హెచ్చరిక. ఎవరును వినలేదు.

1913లో బ్రిటను ఎగుమతిచేసిన నూలుగుడ్డ సుమారు 700 కోట్ల గజములు. అందు 300 కోట్లకు పైగా కొనినది మన దేశమే. కొనువాడు మొగము త్రిప్పుకొనిన నేమగును? మన మిల్లులు పెరిగెను, జపాను పోటీకి దిగెను, ఖద్దరుద్యమము వచ్చెను. కీర్తి యంతయు ఖద్దరునకే యిచ్చుట మా యభిమానమునకు హితమే కాని న్యాయము కాదు. 1931లో గాంధీమహాత్ముడు లంకాషైరులోని డార్వెను పట్టణమున కేగినపుడు, పనులు సన్నగిల్లిన యా మిల్లుల స్త్రీలే ఆయనను చుట్టుముట్టి జయధ్వానములు చేసిరి. వారిపై మనకు పగ యేల?

1959లో ప్రభుత్వమే సొమ్మిచ్చి పాతమగ్గములను తుక్కు చేయించెను. మిగిలిన మిల్లులలో రాత్రిపనికి గుజరాతునుండియు పాకిస్తానమునుండియు జనులు వచ్చిరి. మిల్లులు పోయినవి, బ్లాక్‌బర్ను, ఓల్డ్‌హాము పట్టణములలో వారి సంతతి నిలిచినది. మాంచెస్టరునకు విద్యాలయములు, ఇతర వ్యాపారములు గలవు గనుక తేరుకొనినది. ఆంకోట్సు మిల్లులు కలవారి నివాసములైనవి. ఒక్క మగ్గమునే నమ్మిన చిన్న పట్టణములకు ఆ భాగ్యము పట్టలేదు.

నూలుబేరములు సాగిన రాయల్ ఎక్స్చేంజి భవనము 1976 నుండి నాటకశాల. 1968లో బేరములు నిలిచిన నాటి కడపటి ధరలు మాత్రము పైనున్న పలకమీద నేటికి నట్లే యున్నవి.