కళాశాలల అంతర్జాల కళా, ప్రసంగ కార్యక్రమాలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

2020లో కరోనా వల్ల కళాశాలలు మూతపడినప్పుడు సాహిత్య ప్రసంగాలు, కవిసమ్మేళనాలు, కళాప్రదర్శనలు అంతర్జాల వేదికలకు తరలాయి. తరగతులు తిరిగి మొదలైన తరువాతా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. అయితే ప్రసంగానికి అనువుగా రూపొందిన సాంకేతిక ఏర్పాటునే కళాప్రదర్శనకూ యథాతథంగా వాడుతున్నాం. దీనివల్ల కళకు కలిగే నష్టమేమిటి, దాన్ని కళాశాల స్థాయిలో ఎలా సవరించుకోవచ్చు, కళాకారుల హక్కుల విషయంలో నిర్వాహకుల బాధ్యత ఏమిటి అన్న అంశాలను మూడు జిల్లాల కళారూపాలు ఉదాహరణలుగా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: అంతర్జాల సదస్సు, ఒగ్గుకథ, చిందు యక్షగానం, పటం కథ, ధ్వనిముద్రణ, ప్రదర్శకుల హక్కులు.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో, ప్రధానంగా పూర్వ వరంగల్ జిల్లా ప్రాంతాలతో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ మూడు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. ఇవి కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోనివి.

ఈ నేల సాహిత్య వారసత్వం సామాన్యమైనది కాదు. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి, పోతన పేరుతో ముడిపడిన బమ్మెర జనగామ జిల్లాలో ఉన్నాయి. దాశరథి కృష్ణమాచార్య, దాశరథి రంగాచార్య సోదరులు పుట్టిన చిన్నగూడూరు నేడు మహబూబాబాద్ జిల్లాలోనిది. ఆదిమ శిలాచిత్రాలకు నెలవైన పాండవుల గుట్టలు భూపాలపల్లి జిల్లాలో ఉన్నాయి.

ప్రదర్శన కళల వారసత్వం కూడా అంతటిదే. ఒగ్గుకథను దేశమంతటా వినిపించిన చుక్క సత్తయ్య జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురం వాసి. 2017లో ఆయన కన్నుమూశారు. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య జనగామ జిల్లాకు చెందినవారు. 2024లో ఆయనకు పద్మశ్రీ లభించింది. మహబూబాబాద్ తండాల్లో లంబాడాల తీజ్ పాటలు, ఏజెన్సీ పల్లెల్లో కోయల డోలి పాటలు నేటికీ వినిపిస్తాయి.

అంటే ఈ కళాశాలలకు ఒకవైపు చెప్పవలసిన సాహిత్యం, మరోవైపు చూపవలసిన కళ రెండూ చేరువలోనే ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే జూమ్ లంకెలో ఇమిడ్చినప్పుడు ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నది ఇక్కడి ప్రశ్న.

2. ప్రసంగం: తెరకు ఒదిగిన ప్రక్రియ

ప్రసంగం సహజంగానే ఒకరు మాట్లాడగా పలువురు వినే ప్రక్రియ. అంతర్జాల సమావేశ సాధనాలు కూడా ఒక్కసారి ఒక్కరే మాట్లాడతారన్న ఊహపైనే నిర్మితమయ్యాయి. అందుచేత ప్రసంగం తెర మీదికి వచ్చినప్పుడు పెద్దగా ఏమీ కోల్పోలేదు. పైగా లాభపడింది. ప్రయాణ వ్యయం, వసతి, భోజన ఏర్పాట్లు లేకుండానే దూరప్రాంత పండితుని మాట చిన్న పట్టణపు విద్యార్థికి అందింది.

ప్రవాసాంధ్రుల సంస్థలు ఈ అవకాశాన్ని త్వరగా గుర్తించాయి. తానా ప్రపంచ సాహిత్య వేదిక 2020లో నెలనెలా అంతర్జాల సాహిత్య సమావేశాలకు శ్రీకారం చుట్టింది. అదే ఏడాది అక్టోబరులో వంగూరి ఫౌండేషన్ ప్రపంచ తెలుగు సాహితీ సదస్సు కూడా అంతర్జాలంలోనే జరిగింది. డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో మాట్లాడేవారిని మహబూబాబాద్ విద్యార్థి తన చేతిలోని ఫోనులో వినగలగడం అంతకు పూర్వం ఊహకందని విషయం.

ఈ లాభానికి హద్దులు లేకపోలేదు. ఒకే ఫోనును ఇంట్లో ఇద్దరు ముగ్గురు పంచుకునే కుటుంబాల్లో విద్యార్థి పూర్తి ప్రసంగం వినడం కష్టం. గుట్టల నడుమ ఉన్న పల్లెల్లో సంకేతం నిలకడగా ఉండదు. హాజరును చూసి ఇ-ప్రశంసాపత్రం ఇచ్చే అలవాటు వల్ల వినడం కన్నా లంకెలో చేరడమే ముఖ్యమైపోయింది. అయినా ప్రసంగం ప్రసంగంగానే మిగిలింది. తరువాత తీరికగా వినడానికీ వీలు మిగిలింది.

3. కళాప్రదర్శన: ఆలస్యం, అణచివేత

ఒగ్గుకథ సంగతి వేరు. ప్రధాన కథకుడు ఒక మాట అనగానే సహకథకుడు అందుకోవాలి. ఆ మాట ముగిసే చోటనే డోలు పలకాలి, తాళం కలవాలి. వరుస తప్పితే కథ నడక తప్పుతుంది. ఒకరి గొంతుపై మరొకరి గొంతు పడడం ఇక్కడ దోషం కాదు, అదే ఈ కళకు ప్రాణం.

దీన్ని లెక్కల్లో చూద్దాం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. మూడు మీటర్ల ఎడంలో నిలబడిన డోలు వాద్యకారునికి కథకుని గొంతు చేరడానికి పట్టే కాలం సుమారు 9 మిల్లీసెకన్లు. కలిసి వాయించేవారి మధ్య ఈ ఆలస్యం సుమారు 25 నుంచి 30 మిల్లీసెకన్లు దాటితే లయ సడలడం మొదలవుతుంది. కానీ ఫోను సంభాషణ సాఫీగా సాగడానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు చేసిన పరిమితి ఒకవైపు 150 మిల్లీసెకన్లు. మాటకు ఇబ్బంది కలిగించని ఆలస్యమే డోలు దెబ్బకు అయిదారు రెట్లు ఎక్కువన్న మాట. కాబట్టి ముగ్గురు కళాకారులు మూడు ఇళ్లలో కూర్చుని మూడు ఫోన్లలో ఒగ్గుకథ చెప్పడం సాధ్యం కాదు. అది వారి నేర్పులో లోపం కాదు, సాధనం స్వభావం.

రెండవ చిక్కు రొదను అణచే ఏర్పాటు. ఈ సాధనాలు మనిషి మాటను గుర్తించి, తక్కిన ధ్వనిని రొదగా ఎంచి తగ్గిస్తాయి. ఫ్యాను చప్పుడును తొలగించే ఆ ఏర్పాటే డోలు మోతనూ తాళాల నాదాన్నీ తగ్గించగలదు. అష్టావధానంలో ఘంటానాదం ఒక అంశంగా ఉన్నప్పుడు గంట మోతకూ అదే ప్రమాదం. అవధాని లెక్కపెట్టవలసిన గంట ఆయనకు వినపడకుంటే అవధానమే దెబ్బతింటుంది. ధ్వనిని ఉన్నదున్నట్లు పంపే అమరికను సంగీతకారుల కోసం జూమ్ సంస్థ 2020లో ప్రత్యేకంగా మెరుగుపరచడమే ఈ సమస్యకు సాక్ష్యం. ఆ అమరికను నిర్వాహకులే ఎంచుకోవాలి, అది తనంతట తాను పనిచేయదు.

మూడవది కాలపరిమితి. జూమ్ ఉచిత సేవలో సమావేశం 40 నిమిషాలకు ముగుస్తుంది. రాత్రంతా సాగే మల్లన్న కథకు ఆ వ్యవధి ప్రార్థనకూ పాత్రల పరిచయానికీ చాలదు.

నాలుగవది ప్రేక్షకుడు లేకపోవడం. చిందు యక్షగానంలో హాస్యపాత్ర ఎదుట కూర్చున్నవారిని పలకరించి, వారి జవాబును బట్టి మాట మారుస్తుంది. ప్రేక్షకులందరి మైకులు మూసి ఉన్న తెర ముందు ఆ పాత్రకు ఎదురుమాట దొరకదు.

4. పటం, శిలాచిత్రం: తెర పెంచే కళలు

కళ అంతా తెర మీద నష్టపోతుందని దీని భావం కాదు. పటం కథను చూడండి. ఒకప్పటి జనగామ తాలూకాలోనిదై నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాశీ చిత్రకారులు పటాలు రాస్తారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడజెట్టివారు గౌడులకు గౌడ పురాణం, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణం ఈ పటాలు చూపుతూ చెబుతారు. పటం వరుస వెంట వరుసగా విప్పుకుంటూ పోయేది. ఊరి కూడలిలో వెనుక కూర్చున్నవారికి అందులోని చిన్న బొమ్మలు కనిపించవు. కెమెరాను దగ్గరగా పెడితే ప్రతి బొమ్మ ముఖకవళిక, వస్త్రపు అంచు కూడా విద్యార్థికి స్పష్టంగా కనిపిస్తాయి.

పాండవుల గుట్టల శిలాచిత్రాల విషయమూ ఇంతే. అందరినీ గుట్ట ఎక్కించడం ఏ కళాశాలకూ సులభం కాదు. చిత్రాలను తెరపై చూపుతూ ఒక పురావస్తు నిపుణుడు వివరించే ప్రసంగం, గది గోడల మధ్య చెప్పే పాఠం కన్నా మేలైనది. కనుక ఏ కళకు ఏ పద్ధతి అన్న వివేచన నిర్వాహకులకు అవసరం. లయ ప్రధానమైన సామూహిక కళకు విడివిడి తెరలు పనికిరావు. దృశ్యం ప్రధానమైన కళకు తెర మేలు చేస్తుంది.

5. కళాకారులు ఒకచోట, ప్రేక్షకులు పలుచోట్ల

పై చర్చను బట్టి సామూహిక కళాప్రదర్శనకు తగిన పద్ధతి ఒకటి తేలుతుంది. బృందాన్ని కళాశాల ప్రాంగణానికి రప్పించాలి. వారి ఎదుట కొద్దిమంది విద్యార్థులనైనా కూర్చోబెట్టాలి. కథకునికి ఒకటి, వాద్యాలకు ఒకటి చొప్పున కనీసం రెండు మైకులు ఉండాలి. సమావేశ సాధనానికి బదులు యూట్యూబ్ వంటి ప్రత్యక్ష ప్రసార వేదిక ద్వారా పంపాలి. అక్కడ ప్రేక్షకునికి కొన్ని సెకన్లు ఆలస్యంగా అందినా బృందం లోపలి లయ చెడదు. ఆలస్యం కళాకారునికీ కళాకారునికీ మధ్య ఉంటే నష్టం, కళాకారునికీ ప్రేక్షకునికీ మధ్య ఉంటే ఓర్చుకోదగినది. ఈ పద్ధతికి పెద్ద ఖర్చు అవసరం లేదు. అవసరమైనది ముందస్తు ఆలోచన.

6. అనుమతి, పారితోషికం

కరోనా కాలంలో జాతరలు, ఊరి పండుగలు, పెండ్లిళ్లు ఆగిపోయాయి. ఆశ్రిత కులాల కళాకారులకు అవే జీవనాధారం. అటువంటివారిని అంతర్జాల కార్యక్రమానికి పిలిచి ఇ-ప్రశంసాపత్రంతో సరిపెట్టడం న్యాయం కాదు. నెలజీతం ఉన్న వక్తకు ప్రశంసాపత్రం గౌరవం. డోలు భుజాన వేసుకుని వచ్చిన కళాకారునికి అది ఒక పూట కూలి కూడా కాదు.

చట్టం ఈ విషయంలో మనకన్నా ముందుంది. 1957 నాటి కాపీరైటు చట్టంలో ప్రదర్శకుడు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, గారడీవాడు, పాములవాడితో పాటు ఉపన్యాసం ఇచ్చే వ్యక్తి కూడా ఉన్నాడు. ఆచార్యుడూ పాములవాడూ ఒకే వరుసలో నిలిచిన అరుదైన చోటు ఇది. ఆ చట్టం ప్రకారం ప్రదర్శనను ముద్రించడానికి, ప్రజలకు అందించడానికి ప్రదర్శకుని అనుమతి కావాలి. ఈ హక్కు 50 ఏళ్లపాటు ఉంటుంది. 2012 సవరణ తన పేరు చెప్పించుకునే హక్కును, తన ప్రదర్శనను వికృతం చేయకుండా అడ్డుకునే హక్కును కూడా ప్రదర్శకునికి ఇచ్చింది. కేవలం బోధన, పరిశోధనల కోసం చేసే ముద్రణకు మినహాయింపు ఉంది. అయితే లోకమంతా చూసేలా యూట్యూబ్‌లో ఉంచడాన్ని ఆ మినహాయింపు కిందికి తేవడం కష్టం.

కాబట్టి కార్యక్రమానికి ముందే ఒక పుట తెలుగు అనుమతిపత్రం సిద్ధం చేసుకోవాలి. ముద్రణను ఎక్కడ ఉంచుతారు, ఎవరు చూడవచ్చు, పారితోషికం ఎంత, వద్దన్నప్పుడు ఎలా తొలగిస్తారు అన్న నాలుగు విషయాలు అందులో ఉంటే చాలు. చదువు రాని కళాకారునికి దాన్ని చదివి వినిపించి, అంగీకారాన్ని గొంతుతోనే ముద్రించవచ్చు. బృందంలోని ప్రతి ఒక్కరి పేరు వీడియో వివరణలో ఉండాలి. ‘ఒగ్గుకథ బృందం’ అని రాసి ఊరుకోవడం చట్టరీత్యానూ మర్యాదరీత్యానూ చాలదు.

7. భద్రపరచడం

అంతర్జాల కార్యక్రమం ముగిసిన మరుక్షణమే అది ఒక దస్త్రం అవుతుంది. ఆ దస్త్రం ఎవరి ఖాతాలో ఉందన్నది కీలకం. కార్యక్రమాన్ని నిర్వహించిన అధ్యాపకుని సొంత ఖాతాలో ఉంటే, ఆయన బదిలీతో పాటే అది కళాశాలకు దూరమవుతుంది. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. అందువల్ల ముద్రణ సంస్థాగత ఖాతాలో ఒకటి, గ్రంథాలయంలోని హార్డ్‌డిస్కులో ఒకటి, విశ్వవిద్యాలయ స్థాయి సంస్థలో ఒకటి చొప్పున మూడు ప్రతులుగా ఉండడం క్షేమం. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఈ మూడు జిల్లాల కళాశాలలు దానితో కలిసి పనిచేయడం సహజమైన మార్గం.

దస్త్రంతో పాటు వివరాలూ ఉండాలి. కథ పేరు, చెప్పిన ఊరు, తేదీ, కళాకారుల పేర్లు, వాడిన వాద్యాలు, ఆ కథను వారు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న సమాచారం రాసి పెట్టాలి. ఈ పనిని తెలుగు విద్యార్థుల క్షేత్ర పరిశోధనా ప్రకల్పనగా అప్పగించవచ్చు. 1950లలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధించి ఆ రంగానికి బాట వేశారు. నేడు ప్రతి విద్యార్థి జేబులోనూ ధ్వనిముద్రణ యంత్రం ఉంది. లోపించినది క్రమపద్ధతి మాత్రమే.

8. ముగింపు

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు వంటి ఎన్నో పాటల రకాలను పేర్కొన్నాడు. ఆయన రాయబట్టి ఆ పేర్లు మనకు తెలిశాయి. కానీ ఆనాటి గొంతులు, బాణీలు, వాద్యాల పలుకు మనకు వినిపించవు. అక్షరానికి ఆనాడు సాధ్యమైనది అంతే. ఆ పాలకుర్తికి కూతవేటు దూరంలోని కళాశాలకు నేడు గొంతును కూడా నిలిపే సాధనం ఉంది.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ప్రసంగానికి అంతర్జాల సమావేశ సాధనం సరిపోతుంది. లయ ప్రధానమైన సామూహిక కళకు బృందమంతా ఒకచోట ఉండే ప్రత్యక్ష ప్రసారమే తగినది. పటం, శిలాచిత్రం వంటి దృశ్యకళలకు తెర అదనపు బలం. కళాకారుని అనుమతి, పారితోషికం, పేరు అనేవి మర్యాదలు మాత్రమే కావు, విధులు. ముద్రణ వ్యక్తి ఖాతాలో కాక సంస్థలో నిలవాలి.

ఎంతమంది లంకెలో చేరారన్న అంకె నివేదికకు పనికివస్తుంది. పదేళ్ల తరువాత ఆ కథకుని మనుమడు కళాశాలకు వచ్చి తాత గొంతు వినాలని అడిగితే, డోలు దెబ్బ చెడకుండా వినిపించగలగాలి. అంతర్జాల కార్యక్రమం సఫలమైందనడానికి అది తగిన కొలత.