పేరు పైకి చదవాలి

మే నెలలో ఆఖరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే. మనవాళ్ళకి మాత్రం అది లాంగ్ వీకెండ్. లేక్ టాహోలో గదులు ముందే బుక్ చేసేసుకుంటాం. అవి దొరకని వాళ్ళం ఎవరింటి పెరట్లోనో గ్రిల్ చుట్టూ చేరతాం. షాపుల్లో పరుపుల దగ్గర్నుంచి ఫ్రిజ్‌ల దాకా డిస్కౌంట్లు. ఈ దేశానికి వచ్చి పదకొండేళ్ళైనా, ఆ రోజు గురించి నాకు తెలిసింది అంతే.

పోయిన ఏడాది మా వాడి కబ్ స్కౌట్ లీడర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. శనివారం పొద్దున్నే పిల్లలంతా శాన్ బ్రూనోలోని గోల్డెన్ గేట్ నేషనల్ సెమెటరీకి రావాలి, సమాధుల ముందు జెండాలు పెట్టాలి అని. మా వాడికి తొమ్మిదేళ్ళు. యూనిఫాం వేసుకునే పని ఏదైనా వాడికి ఇష్టమే.

శుక్రవారం రాత్రి ఫోన్లో అమ్మకి ఈ సంగతి చెప్పాను.

"శ్మశానానికా? పిల్లాణ్ణి తీసుకునా?" అంది. కాసేపు ఆగి, "సరే, రాగానే ఇద్దరూ తల మీద నీళ్ళు పోసుకుని అప్పుడు ఇంట్లోకి రండి" అంది.

అమ్మని తప్పు పట్టలేను. మా ఊళ్ళో శ్మశానం ఊరి చివర కాలవ గట్టు మీద. పిల్లల్ని అటు చూడనిచ్చేవాళ్ళే కాదు.

ఇక్కడికి వచ్చి చూస్తే పచ్చిక దుప్పటి పరిచిన గుట్టలు, వాటి మీద ఎటు చూసినా వరసలుగా తెల్లరాళ్ళు. నిలబడి చూసినా, పక్కకి జరిగి ఐమూలగా చూసినా వరస తప్పదు. 161 ఎకరాలు, లక్షకు పైగా మనుషులు. ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి నిమిషానికో విమానం నెత్తి మీద నుంచి వెళ్తోంది. అలాంటి విమానాల్లోంచి ఎన్నిసార్లు కిందికి చూశానో, ఈ తెల్లచుక్కలు ఏమిటని ఒక్కసారీ అనుకోలేదు.

లీడర్ పిల్లల్ని కూర్చోబెట్టి పద్ధతి చెప్పాడు. మడమ రాయికి ఆనించి, బూటు కొస దగ్గర జెండా గుచ్చాలి. సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక అడుగు వెనక్కి వేసి రాయి మీద పేరు పైకి చదవాలి. తర్వాత సెల్యూట్. పేరు చదవకుండా తర్వాతి రాయికి వెళ్ళకూడదు.

మొదటి పదిహేను రాళ్ళ దాకా మా వాడికి అదొక ఆట. తర్వాత తేదీలు చూడ్డం మొదలుపెట్టాడు. ఈ మధ్యే స్కూల్లో పెద్ద అంకెల తీసివేతలు నేర్చుకున్నాడు.

"నాన్నా, ఈయన ఎనభై మూడేళ్ళు బతికాడు. మరి యుద్ధంలో పోలేదుగా?"

నిజమే. ఇక్కడున్న వాళ్ళలో చాలామంది యుద్ధం నుంచి తిరిగొచ్చి, ఉద్యోగాలు చేసుకుని, ముసలివాళ్ళై పోయినవాళ్ళు. రాయికి వెనక వైపు భార్య పేరు చెక్కి ఉంటుంది. మెమోరియల్ డే అసలు యుద్ధంలో చనిపోయిన వాళ్ళది. అంతర్యుద్ధం తర్వాత, 1868లో మొదలైంది. కానీ జెండా దగ్గర పిల్లలు ఆ తేడా చూపించరు.

ఇంకో రాయి దగ్గర వాడు లెక్క రెండుసార్లు చేశాడు. పంతొమ్మిది. మా అపార్ట్‌మెంట్లో వాడికి చెస్ నేర్పే కుర్రాడి వయసు. మా వాడు ఏమీ అనలేదు. జెండా కాస్త ఒరిగినట్టుంటే మళ్ళీ తీసి గుచ్చాడు.

అడ్మిరల్ నిమిట్జ్ సమాధి కూడా ఇక్కడే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన మనిషి, అయిదు నక్షత్రాల హోదా. ఏ మండపమో ఉంటుందని వెతికాను. అందరి రాయి లాంటిదే ఆయనదీ. జెండా కూడా అంతే.

కొంచెం అవతల ఒక జపనీస్ పేరు దగ్గర మా వాడు ఆగిపోయాడు. మెల్లగా కూడబలుక్కుని చదివాడు. తృప్తి లేక మళ్ళీ చదివాడు. స్కూల్లో ఏటా కొత్త టీచర్ వాడి పేరు దగ్గర ఇలాగే ఆగుతుంది. ఆ సంగతి వాడికి బాగా తెలుసు.

ఈ సెమెటరీని ప్రారంభించింది 1942 మెమోరియల్ డే నాడు. సరిగ్గా అదే సమయంలో ఇక్కడికి దగ్గర్లోనే, టాన్‌ఫొరాన్ గుర్రప్పందాల మైదానంలో, దాదాపు ఎనిమిది వేలమంది జపనీస్ మూలాల వాళ్ళని కంచె వెనక ఉంచారు. కొన్ని కుటుంబాలు గుర్రాల కొట్టాల్లో కాపురం ఉన్నాయి. అలా నిర్బంధించిన కుటుంబాల కుర్రాళ్ళే 442వ రెజిమెంట్లో చేరి యూరప్‌లో ఈ దేశం తరఫున పోరాడారు. గ్రీన్ కార్డ్ క్యూలో నిలబడి 'ఇది మన దేశమా, వీళ్ళు మనవాళ్ళా' అని లెక్కలు వేసుకునే నాకు, ఆ పేరు ముందు నోట మాట రాలేదు.

ఇంటికొచ్చాం. తలస్నానాలయ్యాయి. మర్నాడు అమ్మకి ఫోన్లో పిల్లలు ఏం చేశారో చెబుతుంటే, పేరు పైకి చదవడం దగ్గర ఆపింది.

"అయితే అది తర్పణమే కదరా" అంది.

తర్వాత నేను ఎప్పుడూ వినని సంగతి చెప్పింది. అమ్మ వాళ్ళది పశ్చిమగోదావరి. ఇంటికొకరు సైన్యంలో చేరే ఊరుగా పేరుపడ్డ మిలిటరీ మాధవరం వాళ్ళకి దూరమేం కాదు. వాళ్ళ చిన్నాన్న ఒకాయన మిలిట్రీలో చేరి బర్మా యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఏ తిథిన పోయాడో తెలియదు కాబట్టి తద్దినం లేదు. మహాలయ అమావాస్య నాడు తాతయ్య తన వాళ్ళందరితో పాటు తమ్ముడి పేరూ గోత్రమూ చెప్పి నీళ్ళు వదిలేవాడు.

"నాన్న పోయాక ఆ పేరు పలికినవాళ్ళు లేరు" అంది.

బర్మాలో, రంగూన్ దగ్గర టౌక్యాన్‌లో ఒక స్మారకం ఉంది. సమాధి దొరకని దాదాపు 27 వేలమంది పేర్లు దాని స్తంభాల మీద చెక్కారు. వాళ్ళలో ఎక్కువమంది మన దేశం సైనికులే. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ జాబితా ఆన్‌లైన్లో వెతకొచ్చు. నాకు రోజూ చేసే పనేగా, డేటాబేస్‌లో వెతకడం. ఇంటిపేరు లేకుండా, ఆ పేరుకి ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులు ఉండొచ్చో అన్నీ కొట్టి చూశాను. నలుగురు తేలారు. ఏ ఒక్కరి ఎదుటా ఊరు లేదు, తండ్రి పేరు లేదు. వాళ్ళలో మా చిన్న తాతయ్య ఎవరో, అసలు ఉన్నాడో లేదో.

మా వాడు నా భుజం మీంచి చూస్తున్నాడు. "ఏది మన తాతయ్య?" అన్నాడు. తెలీదన్నాను.

"అయితే నలుగురివీ చదువుతా."

ఒక అడుగు వెనక్కి వేసి నిలబడి, ఒక్కొక్క పేరూ పైకి చదివాడు. మూడో పేరు దగ్గర ఒత్తు తప్పితే, స్పీకర్ ఫోన్లోంచి అమ్మ దిద్దింది. వాడు మళ్ళీ చదివాడు.