తేదీ లేని నిర్బంధం

అమెరికాలో ఇమిగ్రేషన్ నిర్బంధం చట్టం దృష్టిలో శిక్ష కాదు. వీసా గడువు దాటిపోయినవారినో, అనుమతి లేకుండా సరిహద్దు దాటినవారినో ఉండనివ్వాలా, వెనక్కి పంపాలా అన్నది తేలేదాకా ఉంచే ఏర్పాటు. కాగితం మీద సివిల్ వ్యవహారం. లోపల యూనిఫాం, తాళాలు, తలల లెక్క, అంతా జైలే. ఆ 'సివిల్' అన్న మాట ఖరీదు విచారణ రోజున తెలుస్తుంది. తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు పేదవాడైతే ప్రభుత్వమే లాయర్ని పెడుతుంది. ఇక్కడ లాయర్ని పెట్టుకునే హక్కుంది గానీ, ఫీజు ఎవరిది వాళ్లే చూసుకోవాలి. డబ్బు లేనివాడు ప్రభుత్వ లాయర్ ఎదుట ఒంటరిగా, దుబాసీ సాయంతో తన గోడు చెప్పుకోవాలి.

శిక్ష పడ్డ ఖైదీ రోజులు లెక్కపెట్టుకుంటాడు. ఇక్కడ లెక్కకు తేదీ ఉండదు. నిద్ర కరువవుతుంది, ఆందోళన ముదిరి కుంగుబాటులోకి దిగుతుంది. సొంత దేశంలో హింస చవిచూసి వచ్చినవారికి తాళం చప్పుడు చాలు, పాత భయం లేస్తుంది. బహిష్కరణ ఉత్తర్వు వచ్చాక, పంపే దారి కనిపించకపోతే, ఆరు నెలలు దాటిన నిర్బంధానికి ప్రభుత్వం జవాబు చెప్పాలని 2001లో సుప్రీంకోర్టు జాడ్వైడాస్ కేసులో చెప్పింది. ఉత్తర్వుకు ముందు గడిచే నెలలకు అలాంటి గీత చట్టంలో లేదని 2018లో జెన్నింగ్స్ కేసులో అన్నది.

వైద్యం పొందే హక్కు నిర్బంధంలో ఉన్న అందరిదీ. వచ్చిన 12 గంటల్లో శారీరక, మానసిక స్థితిని ప్రాథమికంగా పరీక్షించాలని, 14 రోజుల్లో పూర్తి పరీక్ష చేయాలని ఇమిగ్రేషన్ శాఖ 2011 ప్రమాణాలు చెబుతున్నాయి. అయితే అవి శాఖ రాసుకున్న నియమాలే, చట్టం కావు. ఆ పరీక్షలో చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే కొందరు లేదనే అంటారు. అవునంటే ఒంటరి గదిలో వేస్తారని భయం. ఐక్యరాజ్యసమితి మండేలా నియమాలు 15 రోజులు మించిన ఏకాంత నిర్బంధాన్ని కూడదంటాయి.

మతి స్థిమితం లేనివాడు తన కేసు తాను ఎలా వాదించుకోగలడు? కాలిఫోర్నియాలో ఒక మెక్సికన్ యువకుడికి గడియారం చూడటం కూడా సరిగా రాదు. విచారణ అతనికి అర్థం కాదని 2005లోనే జడ్జి కేసు పక్కన పెట్టారు. మనిషిని మాత్రం వదల్లేదు. సుమారు అయిదేళ్లు లోపలే ఉన్నాడు. అతని పేరు మీద నడిచిన దావాలో, ఫ్రాంకో తీర్పుగా పేరుపడ్డ ఆదేశంలో, తీవ్ర మానసిక రుగ్మత ఉండి తమ వాదన తాము వినిపించుకోలేని నిర్బంధితులకు ప్రతినిధిని ప్రభుత్వమే ఇవ్వాలని 2013లో జడ్జి డాలీ గీ ఆదేశించారు. అది కాలిఫోర్నియా, అరిజోనా, వాషింగ్టన్ రాష్ట్రాలకే.

2019 జనవరిలో, వల పన్ని పట్టేందుకు అమెరికా అధికారులే పెట్టిన ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ కేసులో పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువాళ్లు చాలామంది. అలాంటివారు అడిగితే అధికారులు భారత కాన్సులేట్‌కు కబురు చేయాలి. వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కు అది. ఇంటివాళ్లు జాడ తెలుసుకోవడానికి 'ఎ-నంబర్', అంటే ఇమిగ్రేషన్ ఫైలు మీది గుర్తింపు సంఖ్య, ఉంటే సులువు. పూర్వం ఏదైనా మానసిక చికిత్స జరిగి ఉంటే ఊళ్లోని డాక్టర్ రాసిచ్చిన పాత మందుల చీటీ కూడా పనికొస్తుంది. విచారణ అర్థం చేసుకునే స్థితిలో మనిషి ఉన్నాడా లేదా అని తేల్చేటప్పుడు జడ్జి చూసే సాక్ష్యాల్లో వైద్య రికార్డులూ ఉంటాయి.