సెకనులో 60వ వంతు: వీడియో గేమ్ డెవలపర్ రోజంతా లెక్కపెట్టే కాలం

ఇద్దరు స్నేహితులు పక్కపక్కనే కూర్చుని ఒకే గేమ్ ఆడుతున్నారు. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే గోడ. ఒకరి చేతిలో కొత్త ఖరీదైన ఫోన్, ఇంకొకరి చేతిలో మూడేళ్ల కిందట కొన్న చౌక ఫోన్. మీట నొక్కగానే మొదటివారి బొమ్మ గోడెక్కేసింది. రెండోవారి బొమ్మ అంచు దాకా వెళ్లి జారిపోయింది. పదిసార్లు ప్రయత్నించినా అంతే. ఆడటం రాక కాదు, ఆ ఫోన్‌లో ఆ గోడ ఎక్కడం అసలు సాధ్యమే కాదు.

గేమ్ డెవలపర్ ఉదయం ఆఫీసుకు రాగానే తెరిచే ఫిర్యాదుల జాబితాలో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి. ‘కొన్ని ఫోన్లలో గోడ ఎక్కలేకపోతున్నాం’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఏ ఫోన్లో, ఎందుకు అన్నది డెవలపరే కనిపెట్టాలి. గేమ్‌లు తయారుచేసేవాళ్లు రోజంతా ఆడుకుంటూ జీతం తీసుకుంటారని చుట్టాలూ స్నేహితులూ అనుకుంటారు. ఒకే గోడ మీదికి ఒకే గెంతును పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రెండొందల సార్లు గెంతించి చూడటం ఆట అయితే, అవును, వాళ్లు ఆడుకుంటున్నట్టే.

గోడ సంగతి అర్థం కావాలంటే ముందు గేమ్‌లో కాలం ఎలా నడుస్తుందో చూడాలి. సినిమాలాగే గేమ్ కూడా కదలని చిత్రాల వరుస. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, గేమ్‌కు సాధారణంగా 30 లేదా 60. అయితే సినిమా ఫ్రేములు ముందే సిద్ధంగా ఉంటాయి. గేమ్ ఫ్రేములను ఆడేవారి వేలు ఎటు కదిలితే అటు, అప్పటికప్పుడు తయారు చేయాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి దొరికే సమయం 16.67 మిల్లీసెకన్లు. వేలు ఎక్కడ తగిలిందో చూడటం, శత్రువు ఏం చేయాలో తేల్చడం, ఏ వస్తువు దేన్ని ఢీకొందో లెక్కగట్టడం, వెలుగునీడలతో సహా చిత్రం గీయడం అన్నీ అందులోనే జరిగిపోవాలి. నెల జీతాన్ని అద్దెకూ పాలకూ ఫీజులకూ పంచినట్టే డెవలపర్లు ఈ మిల్లీసెకన్లను పంచుతారు. నీడలకు 3 ఇస్తే ఢీకొనే లెక్కలకు తగ్గుతుంది. సమయం చాలకపోతే ఆ ఫ్రేమ్ ఆలస్యమవుతుంది, బొమ్మ తడబడుతుంది.

సగటు చూసుకుని సంతోషించడానికీ వీల్లేదు. సెకనులో 59 ఫ్రేములు చకచకా వచ్చి ఒక్కటి మాత్రం నత్తనడకన వస్తే సగటు బాగానే కనిపిస్తుంది, కన్ను మాత్రం ఆ ఒక్కదాన్నే పట్టుకుంటుంది. అందుకే అనుభవజ్ఞులు సగటును పక్కనపెట్టి అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఫ్రేములను ముందు చూస్తారు.

గోడ ఎత్తు 1.9 మీటర్లు

గేమ్‌లో గురుత్వాకర్షణ ప్రకృతి ఇచ్చేది కాదు, డెవలపర్ టైప్ చేసే ఒక సంఖ్య. అసలు విలువ 9.8 పెడితే ఏమవుతుంది? రెండు మీటర్ల ఎత్తుకు గెంతే బొమ్మ పైకి చేరడానికే 0.64 సెకను పడుతుంది. భౌతికశాస్త్రం ప్రకారం అది సరైనదే. కానీ ఆడేవారికి బొమ్మ బుడగలా తేలుతున్నట్టు అనిపిస్తుంది. ‘గెంతు తేలిపోతోంది, బరువు లేదు’ అని డిజైనర్ వచ్చి చెబుతారు. ఆ మాటను సంఖ్యగా మార్చే పని డెవలపర్‌ది.

ఇక్కడ అక్కరకొచ్చేది ఇంటర్‌లో చదివిన చలన సమీకరణాలే, కాకపోతే తిరగేసి వాడాలి. ఎత్తు 2 మీటర్లు, పైకి చేరడానికి 0.4 సెకను కావాలని ముందే తేల్చుకుంటే గురుత్వ త్వరణం 25, తొలి వేగం సెకనుకు 10 మీటర్లు అని వస్తుంది. భూమి మీద ఉన్నదానికి రెండున్నర రెట్లు. అయినా చేతికి సహజంగా అనిపించేది ఇదే.

కాగితం మీద బొమ్మ సరిగ్గా 2 మీటర్లు లేస్తుంది. కంప్యూటర్ మాత్రం కాలాన్ని నిరంతరంగా చూడలేదు, ముక్కలుగా చూస్తుంది. ప్రతి ఫ్రేమ్‌లోనూ ముందు వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది, ఆ కొత్త వేగంతో బొమ్మను కొంచెం జరుపుతుంది. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పేరుతో పిలిచే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. వేగం నిజానికి ముక్క పొడవునా మెల్లగా తగ్గాలి. ఇక్కడ ముక్క మొదట్లోనే తగ్గిపోయింది కాబట్టి ప్రతిసారీ బొమ్మ కాస్త తక్కువ దూరం వెళుతుంది. ముక్క పెద్దదైతే నష్టమూ పెద్దదే. లెక్క వేస్తే, సెకనుకు 60 ఫ్రేముల ఫోన్‌లో బొమ్మ 1.917 మీటర్ల దాకా లేస్తుంది. 30 ఫ్రేముల ఫోన్‌లో 1.833 మీటర్లే. గోడ ఎత్తు 1.9 మీటర్లయితే మొదటి ఫోన్ గట్టెక్కింది, రెండోది ఎన్నటికీ ఎక్కదు. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు.

పోనీ వరుస మార్చి, ముందు పాత వేగంతో బొమ్మను జరిపి ఆ తర్వాత వేగం తగ్గిద్దామంటే కథ తిరగబడుతుంది. 60 ఫ్రేములకు 2.083, 30 ఫ్రేములకు 2.167 మీటర్లు. ఇప్పుడు నెమ్మది ఫోన్ ఉన్నవారిదే పైచేయి.

ఇది కొత్త రోగమేమీ కాదు. 1999లో వచ్చిన క్వేక్ 3 అరీనాలో సెకనుకు 125 ఫ్రేములు పెట్టుకుంటే గెంతు కొంచెం ఎక్కువ ఎత్తుకు వెళుతుందని ఆటగాళ్లు పసిగట్టారు. అప్పుడు ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా 8 మిల్లీసెకన్లు, సంఖ్యలను సవరించడంలో మిగిలే పిసరు వాళ్లకు కలిసొచ్చింది. 2014 నాటి డార్క్ సోల్స్ 2లో, 60 ఫ్రేములతో నడిచే కంప్యూటర్‌పై ఆయుధాలు దాదాపు రెట్టింపు వేగంతో అరిగిపోయేవి. అరుగుదలను ఫ్రేముల లెక్కన కొలవడమే కారణం. మరుసటి ఏడాది దాన్ని సరిచేశారు.

ఆటగాడికి దయతో ఇచ్చే వెసులుబాట్లకూ ఈ రోగం తగులుతుంది. గట్టు అంచు దాటిన క్షణానికి కొంచెం ఆలస్యంగా మీట నొక్కినా గెంతును అనుమతించడం చాలా గేమ్‌లలో ఉంది. 2018లో వచ్చిన సెలెస్ట్‌లో ఈ గడువు 0.1 సెకను. అది ఉందని ఆడేవారికి తెలియదు, లేకపోతే మాత్రం ‘నేను నొక్కాను, గెంతలేదు’ అని కోపమొస్తుంది. ఈ గడువును ‘ఆరు ఫ్రేములు’ అని రాసేస్తే 60 ఫ్రేముల ఫోన్‌లో 0.1 సెకను, 30 ఫ్రేముల ఫోన్‌లో 0.2 సెకను.

సోలతో కొలిచిన కాలం

మందు ఏమిటంటే, చిత్రం గీసే వేగాన్నీ లోపలి ప్రపంచం నడిచే వేగాన్నీ విడదీయడం. బియ్యం కొలిచే సోలను ఊహించుకోండి. ఫోన్ ఒక ఫ్రేమ్‌కు ఎంత సమయం తీసుకుందో అంత కాలాన్ని ఒక పాత్రలో పోస్తారు. లోపలి ప్రపంచం మాత్రం నిండు సోలలతోనే తీసుకుంటుంది. సోల పరిమాణం 16.67 మిల్లీసెకన్లు అనుకుందాం. 30 ఫ్రేముల ఫోన్ ఒకసారి 33.33 పోస్తే ప్రపంచం రెండు సోలలు ముందుకు నడుస్తుంది. 90 ఫ్రేముల ఫోన్ మొదటిసారి 11.11 పోస్తుంది. సోల నిండదు, ఆగాలి. రెండోసారికి 22.22 అవుతుంది. ఒక సోల తీయగా 5.55 పాత్రలోనే మిగిలి తర్వాతి లెక్కలో కలుస్తుంది. ఇలా చేస్తే గెంతు అన్ని ఫోన్లలోనూ 1.917 మీటర్లే. అది 2 మీటర్లు కాకపోయినా పరవాలేదు, అందరికీ ఒకటే కావడం ముఖ్యం. చాలామంది వాడే యూనిటీ ఇంజిన్‌లో ఈ సోల, మార్చకపోతే, 0.02 సెకను.

సోల నిండని ఫ్రేమ్‌లో ఏం గీయాలి? బొమ్మ చివరి రెండు స్థానాల నడుమ ఎక్కడో ఒకచోట గీస్తారు. అంటే తెరపై మీరు చూసేది దాదాపు ఒక సోల పాతబడిన ప్రపంచం.

స్థిరమైన సోలతోనూ తీరని చిక్కులున్నాయి. సెకనుకు 900 మీటర్ల వేగంతో వెళ్లే తూటా 60వ వంతు సెకనులో 15 మీటర్లు దాటుతుంది. మధ్యలో జానెడు మందం గోడ ఉంటే, ఒక లెక్కలో తూటా గోడకు ఇవతల, తర్వాతి లెక్కలో అవతల ఉంటుంది. గోడను తాకిన క్షణం లెక్కలోకే రాదు. దీన్నీ టన్నెలింగ్ అనే అంటారు. క్వాంటం భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఆ పేరు వినగానే ప్రాణం లేచొస్తుంది గానీ, దీనికీ దానికీ పేరు తప్ప బంధుత్వం లేదు. తూటా దాటిన దారినంతా ఒక గీతగా తీసుకుని ఆ గీత గోడను కోసిందా అని చూడటమే విరుగుడు.

నిజమైన బంధుత్వం మరోచోట ఉంది. ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త లూ వెర్లే 1967లో ఆర్గాన్ లాంటి 864 కణాల కదలికలను కంప్యూటర్‌పై లెక్కించాడు. వేగాన్ని విడిగా దాచకుండా, ఇప్పటి స్థానం, అంతకుముందు స్థానం మాత్రమే గుర్తుపెట్టుకునే పద్ధతి అది. 2000లో వచ్చిన హిట్‌మ్యాన్: కోడ్‌నేమ్ 47లో కూలబడే మనుషుల శరీరాలను కదిలించింది ఇదే పద్ధతి. మోచేతికీ భుజానికీ మధ్య దూరం మారకూడదంటే బిందువులను మళ్లీ సరైన దూరానికి జరిపితే చాలు, వేగం దానంతటదే సర్దుకుంటుంది.

వేడెక్కిన ఫోన్

సోల పద్ధతికి ఒక గండం ఉంది. 16.67 మిల్లీసెకన్ల ప్రపంచాన్ని లెక్కించడానికే ఫోన్‌కు 20 మిల్లీసెకన్లు పడితే? పాత్రలో కాలం మిగిలిపోతుంది. తర్వాతి ఫ్రేమ్‌లో ఎక్కువ సోలలు తీయాలి, దానికి ఇంకా ఆలస్యం. అసలు తీరకముందే వడ్డీ పెరిగే అప్పులాగా చివరికి గేమ్ బిగుసుకుపోతుంది. అందుకే ఒక ఫ్రేమ్‌లో ఇన్ని సోలలకు మించి తీయకూడదని హద్దు పెడతారు. హద్దు దాటితే లోపలి కాలమే నెమ్మదిస్తుంది.

నెమ్మది వరమైన సందర్భమూ ఉంది. 1978లో తొమోహిరో నిషికాడో స్పేస్ ఇన్వేడర్స్ చేసినప్పుడు, తెరపై శత్రువులు నిండుగా ఉంటే ప్రాసెసర్ మెల్లగా, వాళ్లు చచ్చేకొద్దీ వేగంగా నడిచేది. ఆయన దాన్ని సరిచేయకుండా ఉంచేశాడు. శత్రువులు తగ్గేకొద్దీ పెరిగే ఆ ఉద్రిక్తతే ఆటకు ప్రాణమైంది.

నలుగురు కలిసి ఆన్‌లైన్‌లో ఆడే గేమ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒకరి కోసం అందరి కాలాన్నీ నెమ్మదింపజేయలేరు. పైగా దూరం ఉండనే ఉంది. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి సింగపూర్ దాదాపు 3,300 కిలోమీటర్లు. తీగ తిన్నగా వెళ్లినా పోవడానికి 16.5 మిల్లీసెకన్లు, అంటే ఒక ఫ్రేమ్ అక్కడే ఖర్చు. రావడానికి ఇంకొకటి. ఈ మిల్లీసెకన్లను ఎంత మంచి ప్రోగ్రామరూ తగ్గించలేడు. సర్వర్ జవాబు వచ్చేలోగా ఫోన్ తనే ఊహించి బొమ్మను కదిలిస్తుంది, ఊహ తప్పితే సర్దుకుంటుంది. ఆన్‌లైన్ గేమ్‌లో మీ బొమ్మ ఒక్కోసారి చటుక్కున వెనక్కి జరగడానికి కారణం తరచూ ఇదే.

మన ఎండలు మరో పరీక్ష. ఫోన్‌లలో సాధారణంగా ఫ్యాన్ ఉండదు. మే నెల మధ్యాహ్నం 20 నిమిషాలు ఆడితే ప్రాసెసర్ వేడెక్కి, తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ప్రాసెసర్ పని చేస్తున్నప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు దాని గడియారపు వేగానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. రెండూ 20 శాతం తగ్గితే ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. ఏసీ గదిలో అయిదు నిమిషాలు పరీక్షించి సాఫీగా ఉందనుకున్న గేమ్, బస్టాండులో ఆడేవారి చేతిలో తడబడేది అందుకే. జాగ్రత్తపరులైన డెవలపర్లు పాత ఫోన్‌ను కావాలనే వేడెక్కించి, అరగంట తర్వాతి అంకెలనే నమ్ముతారు. కోత పెట్టాల్సి వస్తే ముందు నీడలు, ఆ తర్వాత దూరపు చెట్లు, ఆపైన తెర స్పష్టత. గెంతు లెక్కల జోలికి మాత్రం వెళ్లరు.

చాలా గేమ్‌ల సెట్టింగుల్లో 30, 60 అని ఫ్రేముల సంఖ్య ఎంచుకునే వీలుంటుంది. ఫోన్ చేతిలో కాలుతున్నప్పుడు 30 పెట్టుకుంటే ప్రాసెసర్‌కు ఒక్కో ఫ్రేమ్‌కు 33 మిల్లీసెకన్లు దొరుకుతాయి. కదలిక నునుపు తగ్గుతుంది కానీ తడబాటు తగ్గి, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. గేమ్‌ను సోల పద్ధతిలో రాసి ఉంటే గోడ ఎక్కడంలో మీకు నష్టమేమీ ఉండదు.