భయం కంటే ముందు పాకేది

హాలులో మంటలు లేచి జనం చనిపోతే, భయంతో వెర్రెత్తి ఒకరినొకరు తొక్కుకున్నారని మనం ఇట్టే నమ్మేస్తాం. అలాంటి ప్రమాదాలను తవ్విచూసిన పరిశోధకులకు మాత్రం వేరే సంగతి కనిపించింది.

1977 మే 28 రాత్రి, అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. సౌత్‌గేట్‌లోని బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్‌లో ఓ గదిలో నిప్పంటుకుంది. అక్కడ టేబుళ్లు సర్దే 18 ఏళ్ల కుర్రాడు క్యాబరే హాలు వేదికెక్కి, మైకు తీసుకుని, అందరూ బయటికి వెళ్లండని చెప్పి దారులు చూపించాడు. హాలులో వెయ్యిమందికి పైగా ఉన్నారు. అప్పటిదాకా వేదిక మీద హాస్య ప్రదర్శన జరుగుతోంది. ఇదీ అందులో భాగమేననుకుని కొందరు కదల్లేదు. కాసేపటికే పొగ ముంచెత్తింది. ఆ రాత్రి ప్రమాదంలో 165 మంది పోయారు. బతికినవారి వాంగ్మూలాలను నోరిస్ జాన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త తర్వాత పరిశీలించారు. అయినవాళ్లను వదలకుండా, ఒకరికొకరు సాయపడుతూ కదిలినవారే ఎక్కువ. కర్కశంగా తోసుకుపోయిన దాఖలాలు చాలా తక్కువ.

మరి కొందరు కూర్చునే ఎందుకుండిపోయారు? మనస్తత్వ శాస్త్రవేత్తలు బిబ్ లటానే, జాన్ డార్లీ 1968లో ప్రచురించిన ప్రయోగంలో దీనికి జవాబుంది. విద్యార్థి గదిలో ఫారం నింపుతుంటాడు. గోడ సందులోంచి పొగ వస్తుంది. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం లేచి వెళ్లి చెప్పారు. ఏమీ పట్టనట్టు నటించే ఇద్దరిని పక్కన కూర్చోబెడితే 10 శాతమే లేచారు. మిగిలినవాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ ఫారం నింపుతూనే ఉన్నారు. ప్రమాదమో కాదో తేల్చుకోవడానికి మనం పక్కవారి ముఖం చూస్తాం. వారూ మన ముఖమే చూస్తుంటారు. అలా గుంపులో ముందు పాకేది నిబ్బరం. విలువైన నిమిషాలు కరిగిపోయేది అక్కడే.

ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా కదులుతారు, అదీ తాము లోపలికొచ్చిన తలుపు వైపే. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో, స్టేషన్ అనే నైట్‌క్లబ్‌లో మంటలు లేచినప్పుడు వేరే దారులున్నా, చాలామంది ముందు తలుపు దగ్గరే ఇరుక్కుపోయారు. మొత్తం 100 మంది చనిపోయారు. అందరూ తొందరపడితే తలుపు దగ్గర మనుషులు ఒకరికొకరు అడ్డుపడి, బయటపడే వేగం తగ్గిపోతుందని హెల్బింగ్ అనే శాస్త్రవేత్త బృందం 2000లో కంప్యూటర్ నమూనాతో చూపింది. ముందు దారి మూసుకుపోయిందని వెనకున్నవారికి తెలియదు. ఒక్కొక్కరు కొంచెమే తోస్తారు. ఆ తోపులన్నీ కలిసి ముందున్నవారి ఛాతీని నొక్కేస్తాయి. ఊపిరాడక నిలబడినచోటే ప్రాణం పోవచ్చు. దీన్ని మూర్ఖత్వమని, స్వార్థమని అనడం అన్యాయం.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది మరణించారు. ఎక్కువమంది బాల్కనీలో పొగకు ఉక్కిరిబిక్కిరై పోయినవారే. అదనపు సీట్ల కోసం అక్కడ ఓ దారిని మూసేశారు. పొగ కమ్ముకుంటున్నా ప్రేక్షకులకు హెచ్చరిక చెప్పలేదు. జనం గాభరాపడతారని వార్త దాచడం కంటే, తొలి నిమిషంలోనే ఉన్నమాట చెప్పి దారి చూపడం వేయిరెట్లు మేలు.

ఈసారి ఫంక్షన్ హాలుకు వెళ్లినప్పుడు రెండో తలుపు ఎక్కడుందో చూడండి. దానికి తాళం వేసి ఉంటే యజమానిని అడిగి తీయించండి. పొగ కనిపిస్తే పక్కవారి ముఖం చూడకుండా మీరే ముందు లేవండి.